అర్జీ రాయడం నేర్చుకున్నాం

అర్జీ, దరఖాస్తు, రసీదు, వకాల్తా, తాసిల్దారు, జిల్లా. తెలుగువాళ్లు సర్కారుతో మాట్లాడేటప్పుడు వాడే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవే. మా ఇళ్లలో ఉర్దూలో రోజూ వినపడేవే. అయినా అర్జీ పెట్టడం మాత్రం మాకు చాన్నాళ్లు చేతకాలేదు.

మమ్మల్ని ఓటుబ్యాంకు అన్నారు. బ్యాంకులో వేసినవాడికి తీసుకునే హక్కు కూడా ఉండాలి కదా? మేం వేస్తూనే ఉన్నాం. ఎన్నికలొస్తే దర్గాకు చాదర్, రంజాన్‌లో ఇఫ్తార్ విందు, ఖబరస్తాన్ ప్రహరీకి ఓ హామీ. మా పెద్దలు షేర్వానీలు తొడుక్కుని వెళ్లి, శాలువా కప్పి, ఫోటో దిగి వచ్చేవాళ్లు. పిల్లల చదువు, కొలువు అన్న మాటలు ఆ గదిలో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

మా చరిత్రంతా ఇంతేనా? కాదు. 1970లో అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బీసీ-బీలో, మెహతర్లు బీసీ-ఏలో చేరారు. 1972లో సుప్రీంకోర్టు ఆ జాబితాను నిలబెట్టింది. మతం పేరుతో కాకుండా చేసే పనినీ, బతికే బతుకునూ చూపించి అడిగితే చట్టంలో చోటుందని అప్పుడే తేలిపోయింది.

ఆ పాఠం మేం చదవలేదు. చదవాలంటే మాలో కులాలున్నాయని ఒప్పుకోవాలి. అది మాకు నామోషీ. ఇస్లాంలో కులం లేదనేవాళ్లం. నిజమే, ఇస్లాంలో లేదు. మా పెళ్లి సంబంధాల్లో ఉంది. దూదేకుల ఇంటితో వియ్యమందడానికి వెనకాడినవాళ్లమే వేదికలెక్కి సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చాం.

2004 జూలైలో ముస్లింలందరికీ 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం. సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదంది. 2005లో కమిషన్ నివేదిక తెప్పించుకుని చట్టం చేశారు. నవంబర్‌లో అదీ పోయింది. వెనుకబాటును తేల్చిన తీరు సరిగా లేదంది కోర్టు. మా పిల్లల ముఖాలు వాడిపోయాయి. "ఈ రాజకీయాల్లో మనకేం లేదు, వదిలేయండి" అన్నవాళ్లు మా గల్లీల్లో చాలామంది.

అప్పటికి మేం ఇరవైల్లో ఉన్నాం. మా పట్టణంలో ఇషా నమాజు తర్వాత మసీదు అరుగు మీద నలుగురైదుగురం కూర్చుని ఎమ్మెల్యేకి అర్జీ రాశాం. నాలుగు పేజీలు. కుతుబ్‌షాహీలు, చార్మినార్, 1857, అన్నీ ఎక్కించాం. ఆయన పీఏ ఓపిగ్గా చదివి, "అంతా బాగుంది సాబ్, ఇంతకీ ఏం కావాలి?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

తిరిగొచ్చి చెబితే, సెలూన్ నడిపే మా చాచా నవ్వాడు. "బేటా, చార్మినార్ ఎవరు కట్టారో ఆయనకు తెల్వదా? నా కొడుకు పదోక్లాసులో ఎందుకు ఆగిండో అది రాయి."

ఆ రాత్రి మా అర్జీ మారిపోయింది. ఇల్లిల్లూ తిరిగాం. ఎవరు ఏ పని చేస్తారు, పిల్లలు ఎంతవరకు చదివారు, సొంత జాగా ఉందా? అన్నీ ఒక్క పేజీలో రాశాం. కింద ఒక్కటే కోరిక: దీన్ని బీసీ కమిషన్‌కు పంపండి, అసెంబ్లీలో ప్రస్తావించండి. నకలు మీద ముద్ర వేయించుకున్నాం. పదిహేను రోజులకోసారి వెళ్లి ఎక్కడిదాకా వచ్చిందని మర్యాదగా అడిగాం. మిగతా బీసీ కులాల నాయకుల దగ్గరికీ వెళ్లి, మేం మీ వాటాలో చెయ్యి పెట్టడం లేదని వివరించాం. వాళ్ల భయం పోగొట్టకుండా ఏ ఎమ్మెల్యే నోరు విప్పడని అప్పటికి అర్థమైంది.

2007లో రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఇచ్చారు. బీసీ కమిషన్ మళ్లీ పరిశీలించింది. ఆ ఏడాదే బీసీ-ఇ పేరుతో 4 శాతం చట్టం వచ్చింది. 4 ఎందుకు? బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, మొత్తం 46. సుప్రీంకోర్టు 1992లో ఖాయం చేసిన 50 శాతం హద్దుకు మిగిలింది అంతే. అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీలు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు, తిరగళ్లకు కక్కుకొట్టే తురక కాశలు పేరుపేరునా చట్టంలోకొచ్చారు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను బయట పెట్టారు. అరుగు మీద కూర్చుని అర్జీ రాసినవాళ్లలో కొందరం ఆ బయటివాళ్లమే. ఆ అర్జీ రాసినందుకు మాకు ఏ చింతా లేదు.

మా అర్జీ వల్లే చట్టం వచ్చిందని చెప్పుకోం. ఎన్నో ఊళ్ల అర్జీల్లో మాదొకటి. కథ అక్కడితో అయిపోనూ లేదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు మళ్లీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 4 శాతం నిలిచింది. ఆ ఉత్తర్వు నీడలోనే మా పిల్లలు ఎందరో డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. 2017లో తెలంగాణ శాసనసభ 12 శాతానికి బిల్లు ఆమోదించింది. అది అమలుకు రాలేదు. పెద్ద అంకె చూసి చప్పట్లు కొట్టడం, దాన్ని నిలబెట్టుకోవడం ఒకటి కాదు.

రాజకీయాల మీద ఆశ ఎలా మిగిలిందని మమ్మల్ని అడుగుతారు. ఓడిన ప్రతిసారీ తీర్పు తెరిచి చదివాం. ఏం తక్కువైందో అందులోనే రాసి ఉండేది. తక్కువైనదాన్ని పట్టుకుని మళ్లీ గడప తొక్కాం. మా ఆశ అంతకన్నా పెద్దదేం కాదు. ప్రతినిధి మనవాడా, పరాయివాడా అన్నది తర్వాతి మాట. అతని బల్ల మీద మన బతుకు ఒక్క పేజీలో, ఒక్క కోరికతో ఉందా లేదా?

ఆ చాచా ఇప్పుడు లేడు. మనవడు కాలేజీలో చదువుతున్నాడు. మొన్న మా దగ్గరికొచ్చి హాస్టల్ కోసం అర్జీ రాసిపెట్టమన్నాడు. కాగితం, కలం వాడి చేతికే ఇచ్చాం.