పాలెం మీదుగా సాగిన నీడ

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక దాటి పాలమూరు, నల్గొండ మెట్టల మీదుగా బంగాళాఖాతం వైపు సాగింది. గర్భిణులు ఇల్లు కదల్లేదు, వీధులు బోసిపోయాయి. అదే వేళ పాలమూరు జిల్లా పాలెంలో అమెరికా శాస్త్రవేత్తలు సూర్యుడి కరోనాను ఫొటో తీశారు. సూర్యుడి అంచు దగ్గర కరోనా మరీ కాంతివంతం, దూరం పోయేకొద్దీ మసక. రెండూ ఒకే ఫొటోలో కనబడాలని, మధ్యలో నలుపు ఎక్కువగా ఉండి అంచులకు పలచబడే ఫిల్టరు వాడారు.

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం అవతల ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాల కూడా నీడ దారిలోనే ఉంది. దాని 48 అంగుళాల టెలిస్కోపు 1968 నాటిది.

ఫొటోలో బింబం ఎంత సైజులో పడుతుందో ముందే లెక్కకట్టడం గ్రహణాన్ని ఫొటో తీసే పనిలో మొదటి మెట్టు. హైదరాబాద్ నిజామియా వేధశాల ఆస్ట్రోగ్రాఫులో, అంటే ఆకాశాన్ని ఫొటో తీసే టెలిస్కోపులో, ఒక ఆర్క్ నిమిషం ప్లేటు మీద ఒక మిల్లీమీటరుగా పడేది. అంటే చంద్రబింబం సుమారు 31 మిల్లీమీటర్లు.

చిన్న టెలిస్కోపుతో సూర్యుణ్ణి కాగితం మీద పడేయడానికీ లెక్కుంది. నాభ్యంతరాన్ని 108తో భాగిస్తే అసలు బింబం వస్తుంది: 900 మిల్లీమీటర్లకు సుమారు 8.3. ఐపీస్ 25 మిల్లీమీటర్లది, కాగితం 275 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 275ను 25తో భాగించి ఒకటి తీసేయాలి. పది రెట్లు, బింబం 83 మిల్లీమీటర్లు. కాగితాన్ని వెనక్కి జరిపితే బింబం పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. ఐపీస్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూస్తే మాత్రం చూపు పోతుంది.