కొలువుకు ముందు కంటి పరీక్ష

రైల్వే ఉద్యోగానికి తయారవడమంటే చాలామంది విద్యార్థుల దృష్టిలో జనరల్ నాలెడ్జి పుస్తకం బట్టీపట్టడం, ఇంటర్వ్యూలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు వల్లెవేయడం. నిజానికి గ్రూప్-సి, అంతకు కింది స్థాయి కేంద్ర ప్రభుత్వోద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూయే లేదు. కానీ అభ్యర్థి చదువునూ మాటకారితనాన్నీ ఎవరూ పట్టించుకోని గది ఒకటి మాత్రం అలాగే ఉంది. అది రైల్వే ఆసుపత్రిలోని కంటి పరీక్ష గది. రాత పరీక్ష నెగ్గి, ఇరుగుపొరుగుకు మిఠాయిలు పంచాక 'మెడికల్'లో ఆగిపోయిన కుర్రవాళ్లు రైల్వే ఊళ్లన్నిటా కనిపిస్తారు.

అటువంటి ఊళ్లలో ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. అక్కడి నిమ్‌పురాలో పెద్ద గూడ్సు యార్డు ఉంది. ఆ చుట్టుపక్కల నడుస్తుంటే మాటిమాటికీ తెలుగు చెవిన పడుతుంది. బెజవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ రైల్వే 1893-96 మధ్య దశలవారీగా మొదలైంది. దాని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీ వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో వెలిసింది. ఇంకేం, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ జనం అదే పట్టాల వెంబడి బెంగాల్ చేరారు. 1920లలో ఈ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు. తరువాత రాష్ట్రపతి అయ్యారు. తాత ఫైర్‌మన్, తండ్రి డ్రైవరు, కొడుకు అసిస్టెంట్ లోకో పైలట్ కావాలని కోరిక. రైల్వే కాలనీలో ఇది మామూలే. అయితే ఈ వరసకు మధ్యలో జన్యుశాస్త్రం అడ్డొస్తుంది. ఎలాగో తరువాత చూద్దాం.

రైలు నడిపేవాడి రంగుల చూపును పరీక్షించాలన్న ఆలోచన స్వీడన్ దేశంలో బలపడింది. 1875 నవంబరు 15న లాగర్‌లుండా దగ్గర రెండు ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఎదురెదురుగా ఢీకొని తొమ్మిది మంది మరణించారు. డ్రైవరుకు ఎరుపు-ఆకుపచ్చల తేడా తెలియకపోవడమే కారణం కావచ్చునని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఫ్రిత్యోఫ్ హోమ్‌గ్రెన్ అనుమానించాడు. ఒక రైలు మార్గంలోని 266 మంది ఉద్యోగులను పరీక్షిస్తే 13 మందికి వర్ణాంధత్వం ఉన్నట్లు తేలింది. (ఆ ప్రమాదానికి వర్ణాంధత్వమే కారణమనడానికి గట్టి ఆధారాలు లేవని 2012లో మోలన్, కావోనియస్ అనే పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి చెప్పారు. ఒక మంచి పరీక్ష బలహీనమైన సాక్ష్యం మీద పుట్టిందన్నమాట! చరిత్రలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి.)

హోమ్‌గ్రెన్ పరీక్ష చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. బల్ల మీద రకరకాల రంగుల ఉన్ని కండెలు పోస్తారు. లేత ఆకుపచ్చ కండె ఒకటి తీసి అభ్యర్థి ముందు పెట్టి, "ఈ రంగుకు దగ్గరగా ఉన్నవన్నీ ఏరు" అంటారు. చూపు సరిగా ఉన్నవాడు చకచకా ఆకుపచ్చలే ఏరుతాడు. వర్ణాంధుడు తడుముకుంటూ బూడిద, గోధుమ, లేత గులాబీ రంగు కండెలను కూడా పచ్చవాటితో కలిపేస్తాడు. తరువాత గులాబీ కండె, ఆపైన ఎర్ర కండె. ఏ రంగును దేనితో కలుపుతున్నాడో చూసి, లోపం ఎరుపు వైపో ఆకుపచ్చ వైపో చెప్పేవారు. ఇందులోని తెలివి ఏమిటంటే రంగు పేరు చెప్పనక్కర్లేదు. వర్ణాంధుడు కూడా ఆకులు పచ్చగా, నెత్తురు ఎర్రగా ఉంటాయని చిన్నప్పుడే నేర్చుకుంటాడు. అందువల్ల పేర్లు అడిగితే దొరకడు. పేరుతో పనిలేదు గనుక, భాషతోనూ పనిలేదు. అనేక భాషలవాళ్లు పనిచేసే రైల్వేకు ఇంతకన్నా ఏం కావాలి?

బ్రిటన్‌లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1894లో ఉన్ని పరీక్షను స్వీకరించింది. కానీ డ్రైవరు రాత్రి చూసేది ఉన్నిని కాదు, చీకట్లో దూరంగా మిణుకుమనే దీపాన్ని. పగటిపూట సెమాఫోర్ సిగ్నల్ చెయ్యి వాలిందో లేదో చూస్తే చాలు. రాత్రివేళ రంగు తప్ప వేరే ఆధారం లేదు. ఈ వాదనతో ఎడ్రిడ్జ్-గ్రీన్ అనే వైద్యుడు రంగు అద్దాల లాంతరు తయారుచేశాడు. 1917లో జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా చుక్కల్లో అంకెలు దాచిన పలకలను ప్రచురించాడు. మన రైల్వే వైద్య నియమావళిలో ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇషిహారా అంకెలు బట్టీపట్టి గట్టెక్కుదామనుకునేవారికి ఒక మాట: పలకల వరస మార్చి చూపడం డాక్టరుకు క్షణం పని. లాంతరును బట్టీపట్టడం అసలే కుదరదు.

ఇప్పుడు జన్యువుల సంగతి. ఎరుపు, ఆకుపచ్చలను గుర్తించే జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగపిల్లవాడికి ఒకే ఎక్స్ ఉంటుంది, అదీ తల్లి నుంచి వస్తుంది. తండ్రి ఇచ్చేది వై. కాబట్టి తండ్రి ముప్ఫయ్యేళ్లు ఇంజను నడిపినా ఆయన చూపు కొడుక్కి హామీ కాదు. చూడవలసింది అమ్మ పుట్టింటి వైపు. అమ్మ తండ్రికి ఈ లోపం ఉంటే అమ్మ తప్పకుండా వాహకురాలు. ఆమె కొడుకుల్లో ఒక్కొక్కరికి రెండింట ఒక వంతు అవకాశం. తాతకు లేక మేనమామకు మాత్రమే ఉంటే, సాధారణంగా నాలుగింట ఒక వంతు. మేనమామ పోలిక అని మనవాళ్లు అనే మాటకు ఇక్కడ లెక్క కూడా ఉంది! ఐరోపా సంతతి మగవారిలో ఇది నూటికి సుమారు ఎనిమిది మందికి ఉంటుంది. స్త్రీలలో రెండు వందలకు ఒక్కరికి మాత్రమే.

లోపం ఉన్నవాడికి అది ఉన్నట్లు తెలియకపోవడమే అసలు చిక్కు. అణుసిద్ధాంతకర్త జాన్ డాల్టన్ తన లోపం గురించి 1794లో ఉపన్యసించేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. కంటిలోని ద్రవం నీలంగా ఉండటమే కారణమనుకుని, చనిపోయాక తన కన్ను కోసి చూడమన్నాడు. 1844లో చూశారు, ద్రవం తేటగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి నుంచి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించి, ఆకుపచ్చకు స్పందించే వర్ణద్రవ్యం లోపించిందని 1995లో తేల్చారు.

డాల్టన్‌కు జవాబు నూట యాభై ఏళ్ల తరువాత దొరికింది. నేటి విద్యార్థికి కంటి డాక్టరు దగ్గర పది నిమిషాల్లో దొరుకుతుంది. రైల్వేలో లోకో పైలట్‌కు ఏ-1 వైద్య ప్రమాణం కావాలి. కళ్లద్దాలు లేకుండా 6/6 చూపు ఉండాలి. స్టేషన్ మాస్టరుకు ఏ-2. ఈ రెండింటికీ రంగుల చూపు తప్పనిసరి. కొన్ని వర్క్‌షాపు పనులకు ఉండే బి-2కు, గుమాస్తాల సి-2కు ఆ పరీక్ష లేదు. అయితే ఏ-1 పోస్టుకు దరఖాస్తు చేసి మెడికల్‌లో తప్పినవాడికి బదులుగా మరో ఉద్యోగం ఇస్తారనే పూచీ లేదు. ఏ పోస్టు అన్నది దరఖాస్తు నింపేటప్పుడే తేల్చుకోవాలి, అంటే కళ్లు చూపించుకునేది అంతకుముందే.