కరెంటు గంటలు - క్వాంటం లెక్కలు

కృష్ణ తమ పొలిమేరనే పారుతున్నా, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టభూముల్లో అధికభాగానికి ఆ నీరందక రైతాంగం బోరును నమ్ముకున్నది. బోరు కరెంటును నమ్ముకున్నది. ఈ పరాధీనతకొక చరిత్ర ఉన్నది.

1980 దశకం తొలినాళ్లలో వ్యవసాయ మోటార్లకు మీటరులెక్క పోయి, హార్స్‌పవరుకింత అన్న స్లాబు పద్ధతి వచ్చింది. 2000 ఆగస్టు 28న, చార్జీల పెంపును ప్రతిఘటించిన వామపక్షాల ప్రదర్శనపై హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు నేలకొరిగారు. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. ధర పోయింది గాని కొరత పోలేదు. ధరతో ఆపలేని వినియోగాన్ని ప్రభుత్వం గంటలతో ఆపింది. ఏడు గంటల సరఫరా అని పేరు. అదికూడా కొంత పగలు, కొంత రాత్రి. అర్ధరాత్రి త్రీఫేజు వచ్చిందంటే టార్చిలైటు పట్టుకొని మోటారు దగ్గరకు పోవలసిందే. పాముకాటుకూ, షాకుకూ పోయిన ప్రాణాలు ఏ షెడ్యూలులోనూ ఖర్చుగా కనపడవు. చివరకు రైతే ఉపాయం కనిపెట్టాడు: ఆటోస్టార్టరు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. 2018 జనవరి 1న తెలంగాణ ప్రభుత్వం 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆ స్టార్టర్లను తీసివేయండని రైతులను కోరవలసివచ్చింది. రాత్రింబగళ్లు తోడితే భూగర్భజలం అడుగంటదా మరి?

ఏ గంటకు ఏ కేంద్రం నడవాలో, ఎవరికి సరఫరా ఇవ్వాలో ఇకమీదట క్వాంటం కంప్యూటరు తేలుస్తుందంటున్నారు. లెక్క నిజంగా జటిలమే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు. నీటిని తిరిగి పైకి తోడే పనిని పక్కనపెట్టి, ఒక్కొక్కటి గంటగంటకూ నడవాలా ఆగాలా అన్నంతమాత్రమే చూసినా రోజుకు 144 నిర్ణయాలు. వాటి కూర్పుల సంఖ్య 44 అంకెలది. వాస్తవంలో షెడ్యూలు పదిహేను నిమిషాలకొకటి చొప్పున, రోజుకు 96 భాగాలుగా వేస్తారు. మామూలు కంప్యూటర్లు అన్ని కూర్పులనూ తడమకుండా, పనికిరానివాటిని గుంపులుగా కొట్టివేస్తూ ఈ లెక్కను రోజూ చేస్తూనే ఉన్నాయి. 2025లో అమరావతికని ప్రకటించిన ఐబిఎం యంత్రానికి 156 క్యూబిట్లు. అవును, కాదు అనే రెండింటి మిశ్రమస్థితిలో ఉండగలిగేది క్యూబిట్. 144కు 156 సరిపోతాయనుకోరాదు: అవి తేలికగా దోషాలకు లోనవుతాయి, నీటిమట్టం వంటి షరతులకు మరికొన్ని కావాలి. నిజమైన గ్రిడ్డుపై పాత పద్ధతిని ఓడించినట్లు ఇంకా రుజువు కాలేదు.

రేపు ఓడించవచ్చు. కాని యంత్రానికందించే లెక్కలో రైతు మోటారు ఎక్కడున్నది? మీటరు లేదు గనుక వ్యవసాయ వినియోగం ఒక అంచనా. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి తతిమ్మావాటికి హెచ్చవేసిన అంకె. ఖర్చు తగ్గించమంటే యంత్రం ఖర్చే తగ్గిస్తుంది. పట్టణానికి అవసరం తగ్గే అర్ధరాత్రినే రైతుకు కేటాయిస్తుంది, ఆ నడకను ఖర్చుగా ఎవరూ రాయలేదు గనుక. పోనీ మీటరు పెడదామంటే రైతు దాని వెనుక బిల్లును చూస్తాడు. బషీర్‌బాగ్ తరువాత దాన్ని అజ్ఞానమనడం అన్యాయం. వ్యవసాయ ఫీడర్లు విడిగా ఉన్నచోట, మనిషిమనిషికీ బిల్లు రాయకుండా ఫీడరు దగ్గరే కొలవవచ్చు. గంటల నిర్ణయంలో ఆ ఫీడరు మీది రైతులకు మాట ఉండాలని అడగడం తరువాతి మెట్టు.