సర్వీస్ రికార్డు లేని సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: కొనే ముందు మన ఇళ్లవాళ్లు చూసుకోవలసినవి

బళ్లారి, సోలాపూర్, బరంపురం, హోసూరు, యానాం... ఎక్కడ స్థిరపడినా మన కుటుంబాలకు పెద్ద బండి అవసరం తరచుగా పడుతూనే ఉంటుంది. పెళ్లిళ్లకు, తిరుమలకు, సరిహద్దు అవతల ఉన్న మేనమామ ఇంటికి ఏడుగురు ఎక్కి వెళ్లాలంటే చిన్న కారు చాలదు. కొత్త ఎస్‌యూవీ ధర అందదు. అందుకే చాలామంది ఏడెనిమిదేళ్ల పాత బండి వైపు చూస్తారు. అక్కడే మొదటి చిక్కు వస్తుంది. బండి బాగానే కనిపిస్తుంది, ధర కూడా నచ్చుతుంది. సర్వీస్ రికార్డు అడిగితే మాత్రం "బయట మెకానిక్ దగ్గర చేయించాం, బిల్లులు దాచలేదు" అంటారు.

ఇలాంటి బండిని ఎలా అంచనా వేయాలి, ఎంత ధర ఇవ్వాలి, రాష్ట్రం దాటించేటప్పుడు ఏ కాగితాలు కావాలి అన్నవి ఒకచోట ఉంటే మన పాఠకులకు పనికొస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాం.

రికార్డు లేకపోవడం వేరు, పొంతన లేకపోవడం వేరు

వారంటీ అయిపోయాక కంపెనీ సర్వీస్ సెంటర్ మానేసి, తెలిసిన మెకానిక్ దగ్గరకు వెళ్లడం మన దేశంలో మామూలే. కాబట్టి పుస్తకం లేనంత మాత్రాన బండిని పాడు చేశారని అనుకోనక్కర్లేదు. కానీ చెప్పిన మాటకు, చేతిలోని కాగితానికి, బండి మీది గుర్తులకు పొంతన కుదరకపోతే అది వేరే సంగతి. మొదటి రకం బండిని ధర తగ్గించి కొనవచ్చు. రెండో రకాన్ని ఎంత తగ్గించినా కొనకూడదని మా అభిప్రాయం.

కొంత చరిత్రను మనమే బయటికి తీయవచ్చు. యజమానిని వెంటబెట్టుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి రిజిస్ట్రేషన్ నంబరు చెబితే, వాళ్ల నెట్‌వర్క్‌లో జరిగిన సర్వీసుల తేదీలు, అప్పటి కిలోమీటర్లు కంప్యూటర్‌లో కనిపిస్తాయి. మొదటి మూడు నాలుగేళ్ల వివరం దొరికినా మేలే. 2018లో 78 వేలు తిరిగినట్టు అక్కడ ఉండి, ఇప్పుడు మీటరు 71 వేలు చూపిస్తే ఇక మాట్లాడేది ఏమీ లేదు, లేచి రావడమే.

ముందు కాగితాలు, తర్వాతే బండి

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లకముందే ఆర్‌సీ చూడండి. వాహన్ సేవల్లోనూ, ఎం పరివాహన్ యాప్‌లోనూ నంబరు కొట్టి ఈ వివరాలు సరిపోల్చుకోండి:

- అమ్ముతున్న మనిషి పేరే ఆర్‌సీలో ఉందా? లేకపోతే మధ్యలో ఎవరి చేతులు మారింది?
- ఎన్నో యజమాని? "ఫస్ట్ ఓనర్" అన్న మాట రికార్డులో నిలబడుతుందా?
- ఫైనాన్స్ ఉందా? ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 ఇచ్చాకే డబ్బు పూర్తిగా ఇవ్వాలి.
- ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద చెక్కిన వాటితో అక్షరం అక్షరం కలుస్తున్నాయా?
- రిజిస్ట్రేషన్ గడువు ఎంత మిగిలింది? సొంత బండికి మొదట 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి.
- ఈ-చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయి?

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. 50 శాతం ఉంటే వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ చేయలేదని అర్థం. సున్నా ఉంటే కిందటి ఏడాది ఏదో జరిగి ఉండవచ్చు. ఏమిటని అడగండి. ఆ బోనస్ మనిషికి చెందుతుంది, బండికి కాదు. బండితో పాటు మీకు రాదు కాబట్టి పాలసీ మీ పేరుకు మారేటప్పుడు ఆ తేడా డబ్బు మీరే కట్టాలి.

మన వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బ్రోకర్ రాసే ఒప్పందం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. మాట్లాడటం వచ్చిన పెద్దలకు చదవడం రాకపోవచ్చు. ఆ భాషలో బడికి వెళ్లిన పిల్లల చేత పూర్తిగా చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మీటరును నమ్మవద్దు, గుర్తులను చూడండి

డిజిటల్ మీటర్లను కూడా వెనక్కి తిప్పుతున్నారు. అందుకే వేరే సాక్ష్యాలు కావాలి. క్లచ్, బ్రేకు పెడల్స్ రబ్బరు నున్నగా అరిగిందా, స్టీరింగ్ తోలు మెరుస్తోందా, డ్రైవర్ సీటు అంచు కుంగిందా? 55 వేల కిలోమీటర్ల బండికి ఇవి ఉండకూడదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 40 వేలే తిరిగిందన్న బండికి రెండోసారి మార్చిన టైర్లు ఉంటే ఎందుకో అడగండి. అద్దాల మీద తయారీ గుర్తులు చూడండి. ఒక అద్దం మాత్రమే వేరుగా ఉంటే అటువైపు దెబ్బ తగిలి ఉండవచ్చు. బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింటు పగిలి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారన్నమాట.

బండి ఏ ఊళ్లో తిరిగింది?

బళ్లారి, సండూరు గనుల చుట్టూ తిరిగిన బండిలో ఎర్ర దుమ్ము ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, డోరు రబ్బర్ల వెనుక, ఏసీ దారుల్లో ఉండిపోతుంది. ఫిల్టర్ సరిగ్గా మార్చకపోతే ఆ దుమ్ము టర్బోను, ఇంజిన్‌ను అరగదీస్తుంది. కొరాపుట్, రాయగడ ఘాట్ రోడ్లలో తిరిగిన బండికి క్లచ్, బ్రేకులు ముందుగా అలసిపోతాయి. గంజాం తీరం, యానాం, చెన్నై వంటి చోట్ల ఉప్పు గాలికి అడుగు భాగం తుప్పు పడుతుంది. ఛాసిస్ కొత్తగా నల్ల పెయింటుతో మెరుస్తుంటే సంతోషించకుండా స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి.

వరద బండ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులోనూ చెన్నైలో ఎన్నో కార్లు నీట మునిగాయి. 2022 జులై గోదావరి వరదలో యానాం కూడా మునిగింది. ఇలాంటి బండ్లు శుభ్రం చేయించుకుని వేరే రాష్ట్రంలో అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి. సీటు కింద పట్టాలు, బోల్టులు, స్పేర్ టైరు గుంత, కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లు చూడండి. లోపల అత్తరు వాసన మరీ గుప్పుమంటే అది దేన్ని కప్పిపుచ్చడానికో ఆలోచించండి. నీట మునిగిన బండిలో ఎలక్ట్రికల్ జబ్బులు నెలల తర్వాత కూడా బయటపడతాయి.

ఢిల్లీ బండ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశాలతో రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు గడ్డుకాలం వచ్చింది. దాంతో ఎనిమిది తొమ్మిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీలు తక్కువ ధరకు దక్షిణాదికి వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. అయితే ఎన్‌ఓసీ మీ జిల్లా ఆర్టీఓ పేరుకు వచ్చిందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇంజిన్ చెప్పే నిజం

ఉదయాన్నే చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయిస్తామని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, ఆగకుండా తెల్ల పొగ తీపి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. ఆయిల్ మూత విప్పి టార్చి వేసి చూడండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లగా ఉండటం మామూలే. కానీ లోపలి భాగాల మీద తారులాంటి మడ్డి పేరుకుని ఉంటే చాలాసార్లు ఆయిల్ మార్పు ఎగ్గొట్టారని అర్థం. సర్వీస్ పుస్తకం లేనప్పుడు దీన్ని మించిన సాక్ష్యం దొరకదు. మూత కింద పాల మీగడ రంగు నురగ ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తోందేమో మెకానిక్‌తో తేల్చుకోండి. రేడియేటర్ మూత చల్లారాకే తీయాలి. కూలెంట్ బదులు తుప్పు రంగు నీళ్లుంటే అశ్రద్ధ చేసినట్టే.

టైమింగ్ బెల్టా, చైనా అన్నది ముఖ్యమైన ప్రశ్న. రెనో డస్టర్ 1.5 డీజిల్, పాత ఫార్చ్యూనర్ 3.0, పాత ఇన్నోవా 2.5 ఇంజిన్లలో బెల్టు ఉంటుంది. స్కార్పియో ఎంహాక్, క్రెటా 1.6 డీజిల్‌లో చైను ఉంటుంది. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజిన్ పని అయిపోతుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. కొన్న వారంలోనే వాటర్ పంపుతో సహా మార్పించండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అలాంటి బండి సైలెన్సర్ గొట్టంలో వేలు పెడితే నల్ల మసి దట్టంగా అంటితే ఆ ఫిల్టర్ పాడైందనో, తీసేశారనో అనుమానించాలి. కొత్తది పెట్టాలంటే ఖర్చు చాలా ఎక్కువ. మెకానిక్ చేత ఓబీడీ స్కానర్ కూడా పెట్టించండి. తప్పుల కోడ్‌లు ఏవీ లేకపోయినా, లోపలి పరీక్షలు ఇంకా పూర్తికాలేదని చూపిస్తే ఎవరో ఇటీవలే కోడ్‌లు చెరిపేసి ఉండవచ్చు.

నడిపి చూసేటప్పుడు నెమ్మదిగా వెళుతూ నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోవచ్చింది. ఖాళీ రోడ్డులో స్టీరింగ్ తేలికగా పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగుతోందా? గుంతల్లో కింది నుంచి టకటక శబ్దం వస్తోందా? ఫోర్ బై ఫోర్ బండి అయితే మట్టి నేల మీద హై, లో రెండూ వేసి చూడండి. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌ను ఎండిన తారు రోడ్డు మీద వేయకూడదు, గేర్లు బిగుసుకుంటాయి. చివరగా బండిని లిఫ్ట్ ఎక్కించి, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు చూపించండి. ఆయనకు ఇచ్చే రెండు మూడు వేలు ఎక్కడికీ పోవు.

ధర లెక్క

తెలియనిదంతా చేయలేదనే అనుకుని లెక్క వేయాలి. ఉదాహరణకు 7,50,000 అడుగుతున్నారనుకుందాం. బెల్టు, ఆయిళ్లన్నీ, కూలెంట్, బ్రేకులు, బ్యాటరీ, టైర్లు కలిపి మెకానిక్ 90,000 అంచనా ఇస్తే మీ బేరం 6,60,000 దగ్గర మొదలవ్వాలి. ఆపై ధరలో 10 నుంచి 15 శాతం డబ్బు మొదటి ఏడాది ఖర్చులకు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అది పెట్టలేకపోతే ఆ బండి మన స్తోమతకు మించినదే. చిన్నది చూసుకోవడం మేలు.

సరిహద్దు దాటించేటప్పుడు

రెండు రాష్ట్రాల మధ్య బతికే మనకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. కర్నూలులో చుట్టాల దగ్గర కొన్న బండిని బళ్లారిలో, శ్రీకాకుళం బండిని బరంపురంలో, యానాం పీవై 04 బండిని కాకినాడలో నడపడం మామూలు. చట్టం ప్రకారం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, కొత్త రాష్ట్రంలో రోడ్డు ట్యాక్స్ కట్టాలి. పుదుచ్చేరిలో ట్యాక్స్ తక్కువని కొన్న బండికి ఆ తేడా ఇక్కడ కట్టాల్సి రావచ్చు. బేరానికి ముందే మీ ఆర్టీఓలో ఆ మొత్తం కనుక్కుని ధరలో కలుపుకోండి. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి ట్యాక్స్ వాపసు కోరే వీలుంటుంది. అయితే అది దరఖాస్తు చేసిన వారికే వస్తుంది.

యాజమాన్య మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అమ్మేవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో తెలపాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి మీరు 14 రోజుల్లో చెప్పాలి. లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి పాలసీ చేతికి అందకపోవచ్చు.

మనవాడే కదా అన్నప్పుడు

బయటివారి దగ్గర నిక్కచ్చిగా అడిగే మనం, సంఘంలో తెలిసినవారి దగ్గరో, వియ్యాలవారి దగ్గరో కొనేటప్పుడు మొహమాటపడతాం. లిఫ్ట్ ఎక్కించమంటే అనుమానించారంటారేమో అని ఊరుకుంటాం. పేరు మార్పిడి "తర్వాత చూద్దాం" అనుకుని ఏళ్లు గడిపేస్తాం. దీనివల్ల కొన్నవారి కంటే అమ్మినవారికే ప్రమాదం ఎక్కువ. అమ్మేసినా రికార్డులో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం విషయంలో రిజిస్టర్డ్ యజమానే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

కాబట్టి తనిఖీ, పేరు మార్పిడి అడగడం అవమానం కాదు, ఇద్దరికీ రక్షణ. "బావగారూ, మీ పేరు మీద నాకు చలాను రాకూడదు, నా తప్పు మీ మీదికి రాకూడదు. ఈ నెలలోనే మార్పించుకుందాం" అని నవ్వుతూ చెప్పండి. చుట్టరికం బండి కంటే ఎక్కువ కాలం నడవాలి.