ఖతారు తపాలా - పింఛను లేని పరదేశి

మన పూర్వీకులు కోరంగి, మద్రాసు రేవులలో ఓడలెక్కిన నాడు వారి ఒప్పంద పత్రంలో కూలి ఉన్నది, బియ్యం, పప్పు ఉన్నవి. ముసలితనాన్ని గురించి ఒక్క మాట లేదు. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడలో నేటాలు చేరినవారికి పదేండ్లు గడచిన పిదప దక్కేది ఉచితంగా తిరుగు ప్రయాణం, అంతే. ఈ సంగతి మనసులో ఉంచుకొని చూస్తే, నేడు మన తెలుగు సోదరులు వేలాదిగా చెమటోడ్చుచున్న ఖతారు దేశపు తపాలా చరిత్ర మనకు పరాయి కథ కాదు.

గల్ఫు తీరంలో తపాలాను తొలుత నడిపినది భారత తపాలా శాఖయే. 1884లో బహ్రెయినులో తెరచిన కార్యాలయం ఆ శాఖదే. ఖతారు ఉత్తరాలు చాలకాలం బహ్రెయిను మీదుగానే పోయేవి. 1950 ఆగస్టులో దోహాలో బ్రిటిషు తపాలా కార్యాలయం వెలసినది. అక్కడ చెలామణి మన రూపాయే గనుక బ్రిటిషు బిళ్ళలపై అణాలు, రూపాయలు అచ్చువేసి అమ్మినారు. భారతదేశంలో నయాపైసలు వచ్చిన 1957 ఏప్రిల్ 1వ తేదీనే ఖతారు పేరుతో నయాపైసల బిళ్ళలు వెలువడినవి. 1963 మే 23న తపాలా నిర్వహణ ఖతారు ప్రభుత్వం చేతికి వచ్చినది. 1966లో ఆ దేశం రూపాయిని వదలినది. 1969లో విశ్వ తపాలా సమాఖ్యలో చేరినది.

ఇంతకూ తపాలా ఖర్చు ఎవరు భరించవలెను? 1840లో ఇంగ్లండులో రోలండ్ హిల్ తెచ్చిన పద్ధతి ప్రకారం పంపేవాడే ముందుగా బిళ్ళ కొనవలెను. 1874లో ఏర్పడిన సమాఖ్య, బిళ్ళల సొమ్ము అమ్మిన దేశానిదే, వచ్చిన ఉత్తరాన్ని రెండవ దేశం ఉచితంగా పంచవలెనని నిర్ణయించినది. కాని కొన్ని దేశాలకు పంపేవాటికంటె వచ్చేవి ఎక్కువ. ఆ భారానికి పరిహారం ఇవ్వవలెనని 1969 టోక్యో మహాసభ తీర్మానించినది.

పంచుట ఒక ఖర్చు. పంచినవాని వృద్ధాప్యం మరొక ఖర్చు. అమెరికాలో 2006 నాటి చట్టం, రిటైరయ్యే ఉద్యోగుల వైద్యానికి ఏటా సుమారు 550 కోట్ల డాలర్లు ముందుగానే కూడబెట్టుమని తపాలా సంస్థను ఆదేశించినది. ఆ బరువు మోయలేక సంస్థ కుంగినది. 2022లో ఆ నిబంధనను రద్దుచేసినారు. బ్రిటనులో రాయల్ మెయిల్‌ను అమ్మకానికి పెట్టకమునుపు, 2012లో, పాత పింఛన్ల భారాన్ని ప్రభుత్వమే తలకెత్తుకొన్నది. బిళ్ళల రాబడి చాలనప్పుడు పింఛనుకు చివరి పూచీ ఖజానాయే అని దీని భావం.

ఖతారులో ఆ పూచీ పౌరులకే. 2022 నాటి సామాజిక బీమా చట్టం ప్రకారం పౌరుడైన ఉద్యోగి జీతంలో నూటికి 7, యజమాని నూటికి 14 చొప్పున నిధికి జమచేస్తారు. దానినుండి నెలనెలా పింఛను వస్తుంది. కంపెనీలలో పనిచేసే పరదేశికి వర్తించేది 2004 నాటి కార్మిక చట్టం: పనిచేసిన ప్రతి సంవత్సరానికి కనీసం మూడు వారాల మూలవేతనం, వెళ్ళేనాడు ఒక్కసారిగా. పదేండ్లకు ముప్పది వారాలు, అనగా సుమారు ఏడు నెలల జీతం. అదీ భత్యాలు కలుపని మూలవేతనం.

అరబ్బులను మాత్రమే నిందించుట న్యాయం కాదు. దోహా నుండి వచ్చిన ఉత్తరాన్ని కరీంనగర్ పల్లెలో ఇంటింటికి చేర్చే గ్రామీణ డాక్ సేవకునికి గూడ, శాఖలోని రెగ్యులర్ ఉద్యోగులవలె నెలనెలా పింఛను రాదు. సెలవు తీసుకొనే నాడు కొంత మొత్తం చేతిలో పెడతారు.

ఏడు నెలల జీతం ఎన్నేండ్ల ముసలితనాన్ని పోషించగలదు? నేటాలులో పదేండ్ల చాకిరికి ఓడ టిక్కెట్టు; దోహాలో పదేండ్ల చాకిరికి ముప్పది వారాల వేతనం. రెండింటి అర్థం ఒక్కటే: పని మాది, వృద్ధాప్యం నీది. మన తాతలు ఒప్పందం చదువలేక వేలిముద్ర వేసినారు. నేటి మన బిడ్డలకు చదువు ఉన్నది. గల్ఫుకు పోయే ప్రతి యువకుడు కాగితంపై జీతమెంతో చూచినట్లే, మూలవేతనమెంతో గూడ చూడవలెను. తన ముసలితనానికి తానే నెలనెలా కొంత దాచుకొనవలెను. తాతల అనుభవం మనకు నేర్పిన పాఠం ఇదే.