ప్రశ్నోత్తరాల సమయం: ఏ ప్రశ్నకు ఏ సభ?

సభ్యుల ప్రశ్నలకు మంత్రులు సభాముఖంగా సమాధానం చెప్పే వేళను ప్రశ్నోత్తరాల సమయం అంటారు. ఇది లోక్‌సభలో ఉదయం 11 గంటలకు, రాజ్యసభలో 2014 నుండి మధ్యాహ్నం 12 గంటలకు ప్రారంభమవుతుంది.

రకాలు: నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి మౌఖికంగా సమాధానమిస్తారు, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో ఇటువంటివి రోజుకు 20 మాత్రమే. గుర్తు లేని ప్రశ్నలు 230 వరకు ఉంటాయి. వాటికి లిఖితపూర్వక సమాధానమే లభిస్తుంది.

ఎవరిని అడగాలి: గల్ఫ్ దేశాలలో చిక్కుకున్న కార్మికులు, పాస్‌పోర్టులు, రాయబార కార్యాలయాల సహాయం విదేశాంగ శాఖ పరిధిలోనివి. ప్రవాస భారతీయుల వ్యవహారాల శాఖ కూడా 2016లో అందులో విలీనమైంది. కనుక ఈ విషయాలను పార్లమెంటు సభ్యునికి విన్నవించాలి. ప్రభుత్వ ఆసుపత్రి, రేషను పంపిణీ, తెలుగు బడికి ఉపాధ్యాయుడు వంటివి మనం నివసించే ప్రాంతపు శాసనసభకు చెందుతాయి. బళ్ళారి వారు బెంగళూరును, హోసూరు వారు చెన్నైని, సిరోంచ వారు ముంబైని, రాయగడ వారు భువనేశ్వర్‌ను, యానాం వారు పుదుచ్చేరిని అడగవలసిందే. మన మాట తెలుగే అయినా, అమరావతి, హైదరాబాదు సభలు అందుకు జవాబుదారీ కావు.

భాషా హక్కు: అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం నిర్దేశిస్తుంది. భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి నివేదికలు పార్లమెంటు ముందుకు వస్తాయి.

హామీలు: "పరిశీలిస్తాము" అని మంత్రి సభలో చెప్పిన మాట కూడా హామీగా పరిగణింపబడవచ్చు. 1953లో ఏర్పడిన లోక్‌సభ హామీల సంఘం అటువంటి మాటలను వెంబడిస్తుంది. సాధారణ గడువు మూడు నెలలు. అందుచేత మన ఊరి ప్రస్తావన వచ్చిన సమాధానపు తేదీని, ప్రశ్న సంఖ్యను రాసి భద్రపరచుకోవడం మేలు.