తలలెన్ని? పలుకుబడి యెంత?

1964 మార్చి 23వ తేదీన జెనీవా నగరమున ఐక్యరాజ్య సమితి వారి వర్తక, అభివృద్ధి మహాసభ ఆరంభమైనది. జూన్ 16 వరకు, అనగా పండ్రెండు వారములు, అది సాగినది. ముగియుటకు ముందునాడు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఖండములకు చెందిన 77 వర్ధమాన దేశములు ఒక సంయుక్త ప్రకటనను వెలువరించినవి. నాటి నుండి ఆ కూటమికి '77 దేశముల వర్గము' అను పేరు స్థిరపడినది. తరువాతి కాలమున సభ్యుల సంఖ్య 130 దాటినను పేరు మాత్రము మారలేదు.

బ్రిక్స్ అను కూటమి ఏటేట పెరుగుచున్నదనియు, ఇక దాని మాట ప్రపంచమున చెల్లుననియు కొందరు, చెల్లదని కొందరు ఇటీవల వాదించుచుండగా వినుచున్నాము. ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. తలలు లెక్కించి బలము నిరూపింపవలెనను ప్రయత్నము జెనీవాలోనే పెద్దయెత్తున జరిగినది. అందుచేత మేము కథను అచటి నుండియే ఎత్తుకొనుచున్నాము.

ఆ సభకు కార్యదర్శి అర్జెంటీనా దేశీయుడగు రౌల్ ప్రెబిష్. ఆయన వాదము అర్థశాస్త్రము చదువని గృహస్థునకు సైతము బోధపడును. కాఫీ, ప్రత్తి, తగరము వంటి ముడి సరకులమ్ముకొను దేశము ఒక యంత్రమును కొనుటకు పోను పోను మరికొన్ని బస్తాలు అదనముగ కొలువవలసి వచ్చుచున్నది. యంత్రము ధర తగ్గదు. బస్తా ధర నిలువదు. మరింత కష్టపడి మరింత పండించినచో ఆ ధర మరింత పడిపోవును. పంట విరగబండిన యేడే రైతు దిగాలుపడు వింత మన పల్లెలకు క్రొత్త కాదు కదా! ముడి సరకులకు నిలుకడగల ధరలును, పేదదేశముల వస్తువులకు ధనికదేశములలో సుంకపు మినహాయింపును కావలెనని 77 దేశములును ముక్తకంఠముతో కోరినవి.

కోరిక కొంత ఫలించినది. 1968లో న్యూఢిల్లీలో జరిగిన రెండవ మహాసభ సుంకపు రాయితీల సూత్రమును అంగీకరించినది. 1971 నుండి ఐరోపా దేశములు అమలుపరచినవి. కాని ఏ సరకును జాబితాలో చేర్చవలెనో, దేనిని తీసివేయవలెనో నిర్ణయించు అధికారము ఇచ్చువాని చేతిలోనే ఉండిపోయినది. అడిగి తెచ్చుకొన్నదానికి అంతకు మించిన హక్కు ఉండదు.

ఇక మరియొక కూటమిని చూతము. 1960 సెప్టెంబరులో బాగ్దాదు నగరమున ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనెజ్వేలా, ఈ ఐదు దేశములు చేరి చమురు ఎగుమతి దేశముల సంస్థను స్థాపించినవి. పదేండ్లకు పైగా దాని మాటను పెద్ద కంపెనీలు అంతగా లెక్కచేయలేదు. 1973 అక్టోబరు యుద్ధ సమయమున అరబ్బు దేశములు ఉత్పత్తిని తగ్గించి, కొన్ని దేశములకు చమురు నిలిపివేసినవి. ఆ నెల మొదట పీపాకు సుమారు 3 డాలర్లుగా ఉన్న ప్రకటిత ధర 1974 జనవరి 1 నాటికి 11 డాలర్ల 65 సెంట్లయినది. అన్ని దేశములు పదేండ్లపాటు అడిగినను లభింపనిది, పట్టుమని పదిహేను లేని దేశములకు మూడు నెలలలో లభించినది.

కళ్లములోనే ధాన్యము అమ్ముకొనవలసిన రైతు ధర చెప్పలేడు. గాదెలో పోసికొని కూర్చుండగలవాడు చెప్పగలడు. చమురు దేశములకు గాదె కలదు. కొనువారికి వేరు దారి లేదు. అమ్మకము కొంత మానుకొని కొన్ని నెలలు గడుపగల ఓపిక అమ్మువారికి ఉన్నది. ఈ ఓపికయే పలుకుబడికి మూలమని మా అభిప్రాయము.

ఆ విజయమును చూచి వర్ధమాన దేశములన్నియు ఉప్పొంగినవి. 1974 మే 1వ తేదీన ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 'నూతన అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థ' ప్రకటనను ఓటు లేకయే ఆమోదించినది. కాని అదే సమయమున చమురు కొనుక్కొను పేదదేశములు కిరోసినుకు, ఎరువునకు పెరిగిన ధరను చెల్లింపలేక నలిగిపోవుచుండెను. మన దేశమును అందులో ఒకటి. కూటమిలో ఒకరి గెలుపు మరియొకరి ఇంట దీపపు ఖర్చుగా వచ్చి కూర్చున్నది. చిలీ, పెరూ, జాంబియా, జయిరే దేశములు రాగి విషయమున చమురు దారినే త్రొక్కజూచినవి. కాని విదేశీ మారకము కొరకు ప్రతి టన్నును అమ్ముకొనవలసిన ఆ దేశములు ఉత్పత్తి తగ్గింపుతో ధరను నిలుపలేకపోయినవి. 1976లో నైరోబి మహాసభ ముడి సరకుల ధరలను నిలుపుటకు ఒక ఉమ్మడి నిధిని తీర్మానించినది. ఆ నిధి ఒప్పందము 1989 జూన్ నెలలో గాని అమలులోనికి రాలేదు. మరుసటి నెలలోనే కాఫీ ఎగుమతుల వాటా పద్ధతి కూలిపోయినది! ఇల్లు కాలిన పిదప బావి త్రవ్వుట యనగా ఇదియే.

ఈ మధ్యకాలమున అప్పుల తుఫాను చెలరేగినది. 1982 ఆగస్టులో మెక్సికో అప్పు చెల్లింపలేనని చేతులెత్తినది. 1984లో పదునొకండు లాటిన్ అమెరికా దేశములు కార్తహేనా నగరమున సమావేశమైనవి గాని, అందరము కలిసి చెల్లింపు నిలిపెదమని అనలేకపోయినవి. ఋణదాతలు ఒక్కటై కూర్చుండగా ఋణగ్రస్తులు ఒక్కొక్కరే లోనికి వెళ్లిరి.

కాదనుటకు మాత్రము సంఖ్య కొంత పనికివచ్చినది. 2003 సెప్టెంబరులో కాంకున్ నగరమున ప్రపంచ వర్తక సంస్థ సమావేశమునందు బ్రెజిల్, భారత్, చైనా మున్నగు ఇరువది దేశముల వరకు ధనికదేశముల వ్యవసాయ సబ్సిడీల విషయమున పట్టుపట్టినవి. ఆ చర్చలు విఫలమైనవి. ఆపుట నేర్చితిమి, అవుననిపించుట ఇంకను నేర్వవలసియున్నది.

ఇక బ్రిక్స్. ఆ పేరు పెట్టినది ఆ దేశములవారు కారు. 2001లో ఒక అమెరికా పెట్టుబడి సంస్థకు చెందిన ఆర్థికవేత్త జిమ్ ఓ నీల్ బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా పేర్ల మొదటి అక్షరములను కూర్చెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము అన్నట్లు, పేరు పుట్టిన ఎనిమిదేండ్లకు, 2009 జూన్‌లో, రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్ నగరమున నాలుగు దేశముల అధినేతలు మొదటి శిఖరాగ్ర సభ జరిపిరి. 2011 సభ నాటికి దక్షిణాఫ్రికా చేరినది.

ఆ యేడే తొలి పరీక్ష ఎదురైనది. అంతర్జాతీయ ద్రవ్యనిధి అధ్యక్ష స్థానము ఖాళీ కాగా, అది ఐరోపావారికే దక్కవలెనను ఆచారము చెల్లదని మే నెలలో ఐదు దేశముల డైరెక్టర్లును సంయుక్త ప్రకటన చేసిరి. మెక్సికో నుండి అగస్టీన్ కార్‌స్టెన్స్ పోటీకి నిలిచెను. కాని ఐదు దేశములును ఒక అభ్యర్థిని నిలుపలేదు. చైనా, రష్యా, బ్రెజిల్ చివరకు ఫ్రెంచి అభ్యర్థినియగు క్రిస్టీన్ లగార్డ్‌నే బలపరచినవి. ప్రకటనకు, ఓటునకు నడుమ రెండు నెలలైనను గడువలేదు.

2014 జూలైలో బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో చేసిన నిర్ణయము దీనికంటె గట్టిది. ఐదు దేశములును తలకు వెయ్యి కోట్ల డాలర్ల వాటాతో నూతన అభివృద్ధి బ్యాంకును స్థాపించినవి. వాటాలు సమానము, ఓట్లును సమానము. ఎవరికిని వీటో లేదు. ప్రధాన కార్యాలయము షాంఘైలో, తొలి అధ్యక్షుడు మన దేశీయుడగు కె. వి. కామత్. ఆంధ్రప్రదేశ్‌లో మండల కేంద్రములను కలుపు రోడ్ల పథకమునకు సైతము ఈ బ్యాంకు ఋణము మంజూరు చేసినది. ఇది కాగితపు తీర్మానము కాదు. ఒక చిన్న గాదె.

కాని గాదెకు తాళము ఎవరి వద్ద ఉన్నది? 2022లో ఉక్రెయిన్ యుద్ధము ఆరంభమైన కొలది దినములకే, మార్చి నెలలో, ఈ బ్యాంకు రష్యాలో క్రొత్త లావాదేవీలను నిలిపివేసినది. రష్యా దాని స్థాపక సభ్యురాలు! బ్యాంకు తాను అప్పిచ్చు సొమ్మును బాండ్లమ్మి విపణిలో తెచ్చుకొనవలెను. అచట పరపతి చెడినచో కొట్టు మూయవలసినదే. తమ అవసరకాలమునకని ఐదు దేశములు వేరుగ ఏర్పరచుకొన్న 10 వేల కోట్ల డాలర్ల ఏర్పాటునందు సైతము, ఒక దేశము తన పరిమితిలో 30 శాతమునకు మించి పొందవలెనన్నచో ద్రవ్యనిధితో ఒప్పందముండవలెనను నిబంధన కలదు. ఎవరి గడప త్రొక్కరాదనుకొన్నారో ఆ గడపకే మరల దారి.

2023 ఆగస్టులో జోహానెస్‌బర్గ్ సభ ఆరు దేశములను ఆహ్వానించినది. అర్జెంటీనా క్రొత్త ప్రభుత్వము రానన్నది. ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, ఐక్య అరబ్ ఎమిరేట్లు 2024 జనవరిలోను, ఇండొనీసియా 2025 జనవరిలోను చేరినవి. నీలనది ఆనకట్ట విషయమున ఈజిప్టు, ఇథియోపియాలకు పడదు. దీవుల విషయమున ఇరాన్, ఎమిరేట్లకు పడదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు ఇరువదిమంది ప్రాణములర్పించిన సంగతి ఎవరును మరువలేదు.

అయినను, ఈ పెరుగుదల వట్టిది అనుటకు మేము ఒప్పుకొనము. ద్రవ్యనిధిలో వాటాల మార్పు వంటి పెద్ద నిర్ణయములకు 85 శాతము ఓట్లు కావలెను. అమెరికాకు ఒక్కదానికే 16 శాతమునకు మించి ఉన్నందున అది కాదన్నచో ఏదియు జరుగదు. 2010లో అంగీకరించిన వాటాల సవరణ అమెరికా శాసనసభ ఆమోదము కొరకు 2015 డిసెంబరు దాకా వేచియుండినది. తొలి ఐదు బ్రిక్స్ దేశముల ఓట్లన్నియు కూడినను 15 శాతము నిండలేదు. క్రొత్తగా చేరిన ఐదింటితో అవి 16 దాటును. అనగా అమెరికా చేతనున్న తాళపుచెవి వంటిదే మరియొకటి ఈ పదింటికి చిక్కినది.

2023 డిసెంబరులో ద్రవ్యనిధి సభ్యులు వాటాధనమును 50 శాతము పెంచుటకు ఆమోదించిరి. ఎవరి వాటా నిష్పత్తిని మాత్రము మార్చలేదు. నాటికి కూటమిలో చేరినవి ఐదే అయినను, ఈ పది దేశముల ఓట్లును ద్రవ్యనిధిలో ఆనాడును ఉండినవి.